నల్లగొఱ్ఱె జాతి, విత్తనపు పొట్టేలు

నల్లగొండ, మహబూబ్‌నగరు జిల్లాల మెట్టభూములలో, ముసురు పట్టిన వేళ మందను నడిపించుకొని పోయే కురుమ కాపరికి చాలాకాలంపాటు గొడుగు, దుప్పటి, పడక అన్నీ ఒక్కటే: నల్లని గొంగడి. దానికి రంగు వేయరు. వేయవలసిన అవసరం లేదు. ఆ నలుపు గొఱ్ఱె ఒంటిమీద పుట్టినదే. మందలో గొఱ్ఱెలన్నీ నల్లగానో, నలుపు కలిసిన బూడిదరంగుతోనో ఉండటం ప్రకృతి తనంత తాను చేసిన పని కాదు. తరతరాలుగా నల్లని పొట్టేలునే విత్తనానికి ఉంచుకొని, తక్కినవాటిని అమ్మివేస్తూ వచ్చిన మనుష్యుల ఎంపిక దానికి కారణం. శాస్త్ర గ్రంథాలలో ఈ జాతి పేరు దక్కని. కాపరులకు అది నల్లగొఱ్ఱె.

ఈ రెండు పాత జిల్లాల నేలమీద ఇప్పుడు అటువంటి నల్లని మందలు అరుదైపోయినవి. (2016లోను, 2019లోను జరిగిన విభజనల వలన పాత మహబూబ్‌నగరు జిల్లా అయిదు జిల్లాలైనది, నల్లగొండ మూడైనది. ఈ వ్యాసంలో పాత పేర్లనే వాడటం జరిగినది.) గొఱ్ఱెల సంఖ్య మాత్రం తగ్గలేదు సరికదా, ఎంతో పెరిగినది. గొఱ్ఱెలు పెరుగుతూ ఉండగా గొఱ్ఱె జాతి తరిగిపోవటం ఎట్లా జరుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే కొంత చరిత్ర, కొంత గణితం, ఒక్క కుక్క కథ కావలసి ఉన్నవి.

ఈ ప్రాంతంలో పశుపాలన నిన్న మొన్నటిది కాదు. మహబూబ్‌నగరు జిల్లా మక్తల్ వైపున ఊట్నూరు అనే గ్రామం దగ్గర ఒక పెద్ద బూడిద దిబ్బ ఉన్నది. (ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు వేరు.) 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు దానిని తవ్వి పరిశీలించినాడు. అది నవీన శిలాయుగపు పశువుల దొడ్డి అనీ, పేరుకొన్న పేడను మాటిమాటికి తగులబెట్టగా మిగిలిన బూడిద అట్లా గుట్ట కట్టినదనీ తేలినది. మెత్తని పొరలలో పశువుల గిట్టల గుర్తులు కూడా కనిపించినవి. క్రీస్తుకు పూర్వం మూడవ సహస్రాబ్దిలోనే కృష్ణానది చేరువను మనుష్యులు మందలను కంచెవేసి కాచుకొన్నారన్న మాట. ఊట్నూరు దొడ్డిలో ఎక్కువగా ఉన్నవి ఆవులూ ఎద్దులే అయినా, ఈ చెల్కభూములలో పంటకన్న పశువును నమ్ముకొని బ్రతకటం ఎంత పాతదో దీనినిబట్టి గ్రహించవచ్చును.

దక్కని గొఱ్ఱె మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణాల మెట్టప్రాంతమంతటా వ్యాపించిన జాతి. ముక్కు కొంచెం వంపు తిరిగి, చెవులు వ్రేలాడుతూ ఉంటాయి. తోక పొట్టి. పొట్టేళ్ళకు కొమ్ములుంటాయి, ఆడగొఱ్ఱెలకు సామాన్యంగా ఉండవు. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక గొఱ్ఱెనుండి వచ్చే ఉన్ని అర్ధకిలోకు అటూ ఇటూ మాత్రమే. ఆ ఉన్ని ముతక. దాని పోగు మందం సగటున 50 మైక్రాన్లకు పైబడి ఉంటుంది. మెరినో గొఱ్ఱె ఉన్నిపోగు సుమారు 20 మైక్రాన్లు. ఈ రెండు అంకెలు చూచిన మిల్లు యజమాని దక్కని గొఱ్ఱెను పనికిమాలినదిగా తీసివేస్తాడు. కాని గొంగడి నేసే కురుమకు కావలసినది ఆ ముతకదనమే. సన్నని ఉన్ని వంటికి మెత్తగా ఉంటుంది. ముళ్ళకంపలలో నిలవదు, రాతినేలమీద పరచుకొంటే ఏళ్ళతరబడి మన్నదు. ఆడవారు ఉన్నిని ఏకి, వడకి నూలు తీసేవారు. మగవారు చింతగింజల గంజి పట్టించి, మగ్గంమీద నేసేవారు. ఆ గంజి వలన పోగు గట్టిపడి వాననీరు త్వరగా లోపలికి ఇంకదు.

ఉన్ని ఒక్కటే అయితే ఈ జాతి ఇంతకాలం నిలిచేది కాదేమో. కోత అయిన పొలాలలో రాత్రిళ్ళు మంద నిలిపితే పెంట, మూత్రం నేలకు ఎరువవుతాయి. అందుకు రైతు కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చేవాడు. ఎన్ని రాత్రులు నిలపాలి, ఏ పొలంలో ముందు అనే బేరాలు ఊరి జీవితంలో ఒక భాగం. వేసవిలో మేత వెతుకుతూ మందలు కృష్ణ, మూసీ నదుల ఆయకట్టు దాకా నడిచేవి. అంత దూరం నడవటం, ఎండిన గడ్డిమీద బ్రతకటం, వానలో తడిసినా తట్టుకొనటం — ఈ మూడు గుణాలూ తూనికకు రావు, కొలతకు రావు. అయినా జాతిని జాతిగా నిలిపినవి అవే.

కురుమలలో ఉన్ని కంకణంవారు, పత్తి కంకణంవారు అని రెండు శాఖలున్నవి. పెండ్లిలో కట్టే కంకణాన్నిబట్టి వచ్చిన పేర్లివి. ఒగ్గు కథకులు పాడే బీరప్ప, మల్లన్న కథలలో గొఱ్ఱెల పుట్టుక, వాటిని మచ్చిక చేయటం పెద్ద ఘట్టాలు. ఒక జంతువు ఇంత లోతుగా ఒక సమాజపు ఆచారాలలో కలిసిపోయినప్పుడు, దాని పెంపకానికి సంబంధించిన జ్ఞానం కూడా ఆ ఇండ్లలోనే ఉంటుంది. అది పుస్తకంలో ఉండదు. ఏ గొఱ్ఱె ఎన్ని ఈతలు ఈనినది, దేని పాలు పిల్లకు చాలినవి, ఏది కరువు సంవత్సరంలో కూడా చూలు నిలుపుకొన్నది అన్నది కాపరికి కంఠస్థం. విత్తనపు పొట్టేలును ఎన్నుకొనేటప్పుడు ఆ పొట్టేలును చూచి ఊరుకొనరు. దాని తల్లిని చూస్తారు. జన్యుశాస్త్రం దీనిని వింతగా భావించదు. పాలు, ఈత, తల్లితనం వంటి లక్షణాలు పొట్టేలు దేహంలో కనిపించవు. అయినా వాటికి సంబంధించిన జన్యువులను అది తన కూతుళ్ళకు అందిస్తుంది. తల్లిని చూడటం తప్ప ఆ రోజులలో వేరే దారి లేదు.

ఇక కుక్క మాట. మందవెంట నడిచే కుక్కకు మన ప్రాంతంలో గొఱ్ఱెలను తోలే పని లేదు. కాపరి ముందు నడిచి పిలుస్తాడు. మంద ఆ గొంతు వెంట నడుస్తుంది. కుక్క పని తోడేలును పసికట్టి అరవటం, అవసరమైతే ఎదుర్కోవటం. దక్కను తోడేలును శాస్త్రీయంగా మొదట వర్ణించినవాడు సైక్స్ అనే సైనికాధికారి. 1831లో ఆయన దానికి పెట్టిన లాటిన్ పేరులోని ‘పాలిపెస్’ అన్న మాటకు పాలిపోయిన పాదాలు గలది అని అర్థం. కాపరులకు ఆ జంతువుతో పరిచయానికి సైక్స్ అక్కరలేదు. 2020లో మన దేశపు జాతుల పట్టికలో తొలిసారిగా చోటుచేసుకొన్న కుక్కలు రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. అవన్నీ దక్షిణాదివే. వేటకో కావలికో పేరుబడ్డవే తప్ప వాటిలో ఏదీ మందను తోలే కుక్క కాదు.

తోలే కుక్క కథ బ్రిటనుకు చెందినది. ఆ కథను తెలుసుకొంటే శుద్ధజాతి అనే మాటలోని మేలు, కీడు రెండూ బోధపడతాయి. అయితే ముందుగా అక్కడి గొఱ్ఱెల సంగతి చెప్పుకోవాలి. ఇంగ్లండులో లీస్టర్ మండలానికి చెందిన రాబర్ట్ బేక్‌వెల్ (1725-1795) అనే రైతు ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టినాడు. మంచి పొట్టేలును దాని దగ్గరి బంధువులతోనే జతచేసి, కావలసిన రూపాన్ని స్థిరపరచటం ఆ పద్ధతి. పొట్టేళ్ళను అమ్మక, ఒక్కొక్క ఋతువుకు అద్దెకిచ్చేవాడు. అందువలన ఇతరుల మందలలో దాని సంతతి ఎట్లా ఉన్నదో చూచి, మేలైనదాన్ని తిరిగి తన మందకు తెచ్చుకొనే వీలు కలిగినది. అది తెలివైన ఏర్పాటు. బేక్‌వెల్ గొఱ్ఱెలు త్వరగా కండపట్టి పేరు తెచ్చుకొన్నవి. కాని పిల్లలను కనటంలోను, పాలలోను వెనుకబడినవన్న విమర్శ ఆనాడే వచ్చినది. ఏ గుణంమీద చూపు నిలిపితే అది పెరుగుతుంది. చూపు పడని గుణం నిశ్శబ్దంగా జారిపోతుంది.

కుక్కల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1893లో ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దున నార్తంబర్లండులో ఆడమ్ టెల్ఫర్ అనే పెంపకందారు ఇంట ఒక కుక్క పుట్టినది. దాని పేరు హెంప్. అరవకుండా, కరవకుండా, వంగి నడుస్తూ కేవలం చూపుతో గొఱ్ఱెలను కదిలించగల నేర్పు దానిది. అది 1901లో చనిపోయేలోగా సుమారు రెండువందల పిల్లలకు తండ్రి అయినది. ఈనాటి బోర్డర్ కాలీ కుక్కలన్నీ ఏదో ఒక దారిలో దాని సంతతివే అంటారు. ఒక్క మగకుక్క గుణం ఒక జాతినంతటినీ తీర్చిదిద్దినది. మరి ఆ కుక్కలో దాగిన దోషం ఏదైనా ఉంటే? అదికూడా అదే దారిలో, అంతే వేగంగా వ్యాపించి ఉండేది.

ఇది ఊహ మాత్రమే కాదు. అందుకు నిదర్శనం కాలీ జాతిలోనే దొరికినది. గొఱ్ఱెల పురుగులకు మందుగా వాడే ఐవర్‌మెక్టిన్ 1980ల ప్రారంభంలో ప్రచారంలోకి వచ్చినది. మన కాపరులకు కూడా అది తెలిసిన మందే. ఇతర జాతుల కుక్కలు తట్టుకొనే మోతాదుకే కాలీలు తూలిపడి, స్పృహతప్పి, కొన్ని చనిపోవటం పశువైద్యులను ఆశ్చర్యపరచినది. 2001లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీనికి కారణం కనుగొన్నారు. మెదడులోకి మందు చేరకుండా కాపలాకాసే ఒక ప్రోటీన్ జన్యువులో చిన్న లోపం ఉన్నది. 2004లో జరిగిన మరొక పరిశీలన ఆ లోపం తొమ్మిది జాతులలో ఉన్నదనీ, వాటన్నిటికీ మూలం బ్రిటనులో 1873కు పూర్వం బ్రతికిన ఒకే పూర్వజంతువు అనీ తేల్చినది. 1873 అన్నది లండనులో కెన్నెల్ క్లబ్ స్థాపితమైన సంవత్సరం. ఆ తరువాత కుక్కజాతుల పట్టీలు మూతపడినవి. పట్టీలో ఉన్నవాటి పిల్లలే జాతికుక్కలు, బయటిది ఎంత మంచిదైనా లోపలికి రాదు. బయటి రక్తం రాక, లోపలి దోషం పోయే మార్గం లేక, కాలీలలో అధికభాగం ఆ లోపాన్ని మోస్తూ వచ్చినవి. గొఱ్ఱెలను కాయటానికి పుట్టిన కుక్కకు గొఱ్ఱెల మందే విషమైనది.

పనిచేసే కుక్కలను పెంచేవారు మరొక దారి పట్టినారు. 1906లో ఏర్పడిన అంతర్జాతీయ గొఱ్ఱెకుక్కల సంఘంవారు, వంశం తెలియని కుక్క అయినా మందతోడి పనిలో పరీక్షకు నిలిస్తే తమ పట్టీలో చేర్చుకొనే ద్వారం తెరచి ఉంచినారు. వారికి చెవుల తీరుకన్న పని ముఖ్యం. ఈ రెండు పట్టీలలో మన కురుమ కాపరి ఏ పక్షమని అడిగితే, సందేహం లేకుండా రెండవదే. ఆయన నలుపును చూస్తాడు, నిజమే. కాని తల్లి చరిత్ర, నడక బలం చూచిన తరువాతనే పొట్టేలు నిలుస్తుంది. పొరుగు ఊరి మందలో మంచిది ఉంటే మార్చుకొంటాడు.

ఆ మార్చుకొనటంలోనే గణితం ఉన్నది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో నల్లబల్లమీద చేసి చూపవచ్చును. ఒక మందలో ఇరవై ఆడగొఱ్ఱెలు, ఒక పొట్టేలు ఉన్నవనుకోండి. మొత్తం ఇరవై ఒకటి. కాని పుట్టే ప్రతి పిల్లకు సగం వారసత్వం ఆ ఒక్క పొట్టేలునుండే వస్తుంది. కనుక వారసత్వం దృష్ట్యా ఈ మంద ఇరవై ఒకటి విలువ చేయదు. అమెరికా శాస్త్రజ్ఞుడు సూయల్ రైట్ 1931లో దీనికొక సూత్రం ఇచ్చినాడు: మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, దానిని నాలుగుతో హెచ్చించి, ఆడ, మగ మొత్తంతో భాగించాలి. 4 × 1 × 20 = 80; దానిని 21తో భాగిస్తే సుమారు 3.8. చూపుకు ఇరవై ఒకటి, లెక్కకు నాలుగైనా లేదు! ఇటువంటి మంద బయటి పొట్టేలు లేకుండా తనలో తానే కొనసాగితే, తరానికి తన వైవిధ్యంలో సుమారు నూటికి 13 వంతులు పోగొట్టుకొంటుంది. అదే పదిమంది కాపరులు తమ పది మందలలోని పది పొట్టేళ్ళను వంతులవారీగా మార్చుకొంటే? 4 × 10 × 200 = 8000; 210తో భాగిస్తే 38. నష్టం నూటికి 1.3కు దిగుతుంది. ఒక్క గొఱ్ఱె కూడా అదనంగా కొనకుండా, కేవలం కలిసి నడుచుకొనటం వలన నష్టం పదవవంతుకు తగ్గినది.

పొట్టేలును మార్చకపోతే ఏమవుతుంది? దాని ఆడపిల్లలు ఏడాదిన్నర వయసుకల్లా ఎదకు వస్తాయి. అప్పటికీ ఆ పొట్టేలే మందలో ఉంటే తండ్రి, కూతుళ్ళ కలయిక తప్పదు. అట్లా పుట్టిన పిల్లలో అంతఃప్రజనన గుణకం నాలుగవవంతు: అంటే దాని ప్రతి జన్యుజతలోని రెండు ప్రతులూ ఒకే పూర్వజంతువు దగ్గరనుండి వచ్చి ఉండే అవకాశం నాలుగింట ఒకటి. దాగిన దోషాలు బయటపడటానికి అది చాలు. బలహీనపు పిల్లలు, ఆలస్యపు ఈతలు, రోగాలకు లొంగటం దాని ఫలితాలు. రెండేళ్ళకు మించి ఒకే పొట్టేలును ఉంచరాదన్న పశువైద్యుల సలహాకు మూలం ఇదే.

దక్కని గొఱ్ఱెకు వచ్చిన ఆపద అయితే అతిశుద్ధత వలన రాలేదు. దానికి ఎదురుదిక్కునుండి వచ్చినది. స్వాతంత్ర్యం తరువాత ప్రణాళికల కాలంలో ఉన్నిమిల్లులకు సన్నని ఉన్ని కావలసి వచ్చినది. 1962లో రాజస్థానులోని అవికానగర్‌లో కేంద్ర గొఱ్ఱెల, ఉన్ని పరిశోధనాసంస్థ వెలసినది. ఆ దశాబ్దం చివర హర్యానాలోని హిస్సారులో ఆస్ట్రేలియా సహకారంతో కోరిడేల్ గొఱ్ఱెల క్షేత్రం మొదలైనది. దేశీజాతులకు విదేశీ పొట్టేళ్ళను కలిపి ఉన్నిని మెరుగుపరచవచ్చునన్నది ఆనాటి నమ్మకం. మహారాష్ట్రలోని రాహురిలో దక్కని గొఱ్ఱెమీద కూడా ఇటువంటి సంకర ప్రయోగాలు జరిగినవి. ఉన్ని కొంత సన్నబడవచ్చును. కాని మెరినో రక్తం కోరే మేత, నీడ, వైద్యం చెల్కభూమిలోని కాపరికి ఎక్కడనుండి వస్తాయి? పైగా మిల్లుకు తెల్లని ఉన్ని కావాలి, రంగులు అద్దటానికి. గొంగడికి నల్లనిది కావాలి, రంగు అద్దకుండా ఉండటానికి. ఒకరి దృష్టిలో అభివృద్ధి అయినది మరొకరి దృష్టిలో విత్తనం చెడటమే. ఆ ప్రయోగాలు మందలదాకా పెద్దగా దిగిరాకపోవటం ఒక విధంగా నల్లగొఱ్ఱె అదృష్టం.

అసలు దెబ్బ వేరే దిక్కునుండి తగిలినది. గొంగళ్ళకు గిరాకీ తగ్గినది. పాత విదేశీ దుస్తులను చించి, వడకి పానిపట్టులో తయారుచేసే చవుక కంబళ్ళు, తరువాత కృత్రిమ నూలు రగ్గులు ఊరి సంతలదాకా వచ్చినవి. 1990లనాటికి కత్తిరింపు కూలికి కూడా ఉన్ని ధర చాలని పరిస్థితి ఏర్పడినది. కత్తిరించిన ఉన్నిని పారవేసిన కాపరులున్నారు. మాంసం ధర మాత్రం పెరుగుతూ పోయినది. రసాయనిక ఎరువులు వచ్చిన పొలాలలో మంద నిలపటానికి పిలిచే రైతులు తగ్గినారు. మూడు కాళ్ళమీద నిలిచిన జాతికి రెండు కాళ్ళు పోయి, మాంసం అనే ఒక్క కాలు మిగిలినది.

ఆ ఒక్క కాలిమీద పోటీ పెడితే నెల్లూరు గొఱ్ఱెదే గెలుపు. నెల్లూరు జాతి పొడుగైనది, కాళ్ళు ఎత్తు, ఉన్ని దాదాపు లేదు. ఒంటిమీద సన్నని వెండ్రుకలే. పాల్ల, జోడిపి, దొర అని దానిలో మూడు రకాలు: తెల్లనిది, కండ్లచుట్టూ నల్లమచ్చలు గలది, ఎర్రనిది. చూపులకు ఠీవిగా ఉంటుంది. వ్యాపారి దానికే ఎక్కువ ధర కట్టినాడు. పశుసంవర్ధన పథకాల ద్వారా నెల్లూరు పొట్టేళ్ళు మెట్టజిల్లాలకు వచ్చినవి. కాపరులు స్వయంగానూ కొని తెచ్చుకొన్నారు. కాపరిని తప్పుపట్టటం న్యాయం కాదు. పిల్లల చదువు, బోరు అప్పు, పెండ్లి ఖర్చు సంతలో వచ్చే ధరతో తీరాలి కదా.

ఇక్కడ మళ్ళీ లెక్క చూడాలి. ఒక మందలో ఆడగొఱ్ఱెలు అన్నీ నల్లవే. పొట్టేలు మాత్రం నెల్లూరుది. మొదటి తరంలో సగం రక్తం మారుతుంది. ఆ ఆడపిల్లలకు మళ్ళీ నెల్లూరు పొట్టేలునే కలిపితే రెండవ తరంలో నాలుగింట మూడు వంతులు, మూడవ తరంలో ఎనిమిదింట ఏడు, నాలుగవ తరంలో పదహారింట పదిహేను. గొఱ్ఱెకు ఒక తరం మూడు, నాలుగు ఏండ్లు. అంటే పన్నెండు నుండి పదిహేనేళ్ళలో, ఒక్క ఆడగొఱ్ఱెను కూడా అమ్మకుండా, కేవలం పొట్టేలు మారటం వలన ఒక జాతి మందనుండి తుడిచిపెట్టుకొని పోతుంది. మంద అదే, కాపరి అదే, దొడ్డి అదే. జాతి వేరు. శతాబ్దాలుగా పేరుకొన్నది ఒక బాలుడు పెద్దవాడయ్యే లోపల కరిగిపోయినది.

2017 జూన్ 20న సిద్ధిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొఱ్ఱెల పంపిణీ పథకాన్ని ప్రారంభించినది. ఇరవై ఆడగొఱ్ఱెలు, ఒక పొట్టేలు ఒక యూనిటు. విలువ 1,25,000 రూపాయలు. అందులో నూటికి 75 వంతులు ప్రభుత్వం భరించినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుండి లక్షలాది గొఱ్ఱెలు వచ్చినవి. 2012 పశుగణనలో తెలంగాణ ప్రాంతపు గొఱ్ఱెలు సుమారు 1.28 కోట్లు; 2019 గణనలో 1.9 కోట్లు. దేశంలో మొదటి స్థానం. ఎన్నో కురుమ, గొల్ల కుటుంబాల చేతికి ఆస్తి వచ్చినది. దానిని తక్కువచేసి చూడరాదు. కాని సంఖ్యకు పెట్టిన లక్ష్యం జాతికి పెట్టలేదు. యూనిటులోని ఒక్క పొట్టేలు ఏ జాతిది, రెండేళ్ళ తరువాత దాని స్థానంలో ఏది రావాలి అన్నవి ఆ పథకంలో పెద్ద ప్రశ్నలు కాలేదు. పైన చేసిన లెక్కలో ఇరవై, ఒకటి అన్న అంకెలు ఎందుకు తీసుకోవటం జరిగినదో పాఠకులు ఈపాటికి గ్రహించి ఉంటారు.

బయటి రక్తం అంతా చెడ్డదని దీని అర్థం కాదు. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ వ్యవసాయ పరిశోధనాసంస్థవారి పని ఇందుకు మంచి ఉదాహరణ. బెంగాలు సుందరవనాల గారోల్ అనే చిన్న గొఱ్ఱెలో కవలలను కలిగించే జన్యువు ఒకటి ఉన్నది. దానిని దక్కని గొఱ్ఱెలోకి తేవాలని వారు సంకల్పించినారు. గారోల్‌తో సంకరం చేసి, ఆ సంతతిని మళ్ళీ మళ్ళీ దక్కని వైపు కలుపుతూ, ప్రతి తరంలోనూ ఆ జన్యువు ఉన్నవాటినే ఏరుకొన్నారు. 2001లో ఆ జన్యువు స్వరూపం తెలియటంతో రక్తపరీక్ష ద్వారానే ఎంపిక సాధ్యమైనది. తరతరానికీ గారోల్ రక్తం సగానికి సగం తగ్గుతూ, కోరిన ఆ ఒక్క గుణం మాత్రం మిగిలినది. నెల్లూరు పొట్టేళ్ళతో జాతి కరిగిపోయిన గణితమే ఇక్కడ జాతిని నిలుపుకొనటానికి ఉపయోగపడినది.

మహబూబ్‌నగరు నేలమీదనే మరొక ఉదాహరణ ఉన్నది. అయితే అది గొఱ్ఱెది కాదు, ఆవుది. నల్లమల అంచున అమ్రాబాదు పీఠభూమిలో లంబాడీ పశుపాలకులు తరతరాలుగా పెంచుతున్న పశువులను చుట్టుప్రక్కలవారు తూర్పు పశువులంటారు. తూర్పుదిక్కు అడవినుండి వస్తాయి కనుక ఆ పేరు. తెలుపు, గోధుమరంగు పొడలుండటం వలన పొడ తూర్పు అని కూడా అంటారు. పాలు కొద్దిగానే ఇస్తాయి. కాని గిట్టలు గట్టివి. రాతినేలలో అరక లాగటానికి, ఎండలో రోజంతా నడవటానికి వాటికి సాటి తక్కువ. పాలదిగుబడి ఒక్కటే కొలబద్ద అయితే ఈ ఆవుకూ నల్లగొఱ్ఱె గతే పట్టి ఉండేది. ఇక్కడ మాత్రం పెంపకందారులు తమ పశువును జాతిగా గుర్తించమని ముందుకు వచ్చినారు; మందల లెక్కలు, కొలతలు తీయటం జరిగినది. 2020లో కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ పొడ తూర్పును దేశీయ పశుజాతిగా నమోదు చేసినది.

దీపావళి తరువాత కార్తికమాసంలో, పాలమూరు వైపు కురుమూర్తి జాతరలో ఈ తూర్పు కోడెలు అమ్మకానికి వస్తాయి. రైతు కోడె పండ్లు చూస్తాడు, గిట్టలు తట్టి చూస్తాడు, నడిపించి చూస్తాడు. నల్లని దక్కని పొట్టేలు కావాలనుకొన్న కురుమ కాపరికి అటువంటి సంత దగ్గరలో లేదు. అతడు పశ్చిమాన కర్ణాటక, మహారాష్ట్రలవైపు, ఇంకా నల్లమందలు మిగిలిన ఊళ్ళకు పోయి, తల్లిని చూపించమని అడిగి తెచ్చుకోవలసి ఉన్నది.